వ్యర్థం నుంచి లోహం: అణు వ్యర్థాల ద్రావణి నిష్కర్షణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

అణు రియాక్టరులో వాడిన ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియం మొదలైన లోహాలను వేరుచేయడానికి ప్రపంచమంతటా ప్రధానంగా అనుసరిస్తున్న విధానం ద్రావణి నిష్కర్షణ. ఒకదానితో ఒకటి కలవని రెండు ద్రవాల మధ్య లోహాలు పంచుకునే తీరుపై ఈ విధానం ఆధారపడింది. 1842 నాటి ఈథర్ ప్రయోగం మొదలు అమెరికాలోని హాన్‌ఫర్డ్, మన దేశంలోని ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం కేంద్రాల వరకు ఈ విద్య నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అణు పరిశ్రమలో ‘వ్యర్థం’ అనే మాటకు స్థిరమైన అర్థం లేదని, ఆయా కాలాల్లో అందుబాటులో ఉన్న రసాయన విద్య, రాజ్యం అవసరాలు కలిసి ఆ అర్థాన్ని నిర్ణయించాయని, ప్రతి నిష్కర్షణా తన వంతు కొత్త వ్యర్థాన్ని మిగిల్చిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ద్రావణి నిష్కర్షణ, ప్యూరెక్స్, ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్, హాన్‌ఫర్డ్, ట్రాంబే, ఆక్టినైడ్లు, అణు వ్యర్థం.

1. ఉపోద్ఘాతం

పాలను నీటి నుంచి వేరుచేసే నేర్పును మన శాస్త్రకారులు హంసక్షీర న్యాయం అన్నారు. అందులో హంస పాలను తీసుకొని నీటిని విడిచిపెడుతుంది. విడిచిన నీరు ఏమైందన్న ప్రశ్న ఆ న్యాయంలో లేదు. అణు ఇంధన రసాయన శాస్త్ర చరిత్రను చదివేవారికి మాత్రం ఆ ప్రశ్న తప్పదు. ఇక్కడ తీసుకున్న దానికంటే విడిచిపెట్టినదే ఎక్కువ కాలం మనతో ఉంటుంది.

సాధారణ జల రియాక్టరు నుంచి బయటకు వచ్చిన ఇంధనంలో సుమారు 95 శాతం యురేనియమే. దాదాపు 1 శాతం ప్లుటోనియం, 3 నుంచి 4 శాతం విచ్ఛిత్తి ఫలితాలు ఉంటాయి. నెప్ట్యూనియం, అమెరీషియం, క్యూరియం వంటి అల్ప ఆక్టినైడ్ల భాగం వెయ్యింట ఒక వంతు మాత్రమే. ఈ పాళ్లు ఇంధనం రకాన్నిబట్టి, రియాక్టరులో అది ఉన్న కాలాన్నిబట్టి మారుతాయి. మన దేశంలోని భారజల రియాక్టర్ల ఇంధనంలో ప్లుటోనియం పాలు ఇంకా తక్కువ. వీటి ఆయువులలోనూ పెద్ద అంతరం ఉంది. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్లు, అమెరీషియం-241ది 432 ఏళ్లు, ప్లుటోనియం-239ది సుమారు 24,100 ఏళ్లు, నెప్ట్యూనియం-237ది 21 లక్షల ఏళ్లకు పైమాట.

ఇన్ని లోహాలు కలిసి ఉన్న ద్రావణంలో ఏది పదార్థం, ఏది వ్యర్థం? ఈ ప్రశ్నకు 1944లో వచ్చిన సమాధానం వేరు, 1956లో వచ్చినది వేరు, నేటిది వేరు. ఈ సమాధానాలు ఎందుకు మారాయో, మారిన ప్రతిసారీ ఏమి మిగిలిందో కాలక్రమంలో చూద్దాం.

2. పూర్వరంగం: ఈథర్ నుంచి యుద్ధ కర్మాగారం వరకు

1789లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ యురేనియాన్ని కొత్త మూలకంగా గుర్తించాడు. 1841లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎజీన్ పెలిగో దానిని లోహ రూపంలో వేరుచేశాడు. మరుసటి ఏడాది ఆయనే యురేనైల్ నైట్రేటు డైఇథైల్ ఈథర్‌లో కరుగుతుందని గమనించాడు. లోహ లవణాలు సాధారణంగా నీటిని ఆశ్రయిస్తాయి. అందుకు భిన్నంగా ఒక లోహ లవణం నీటిని విడిచి కర్బన ద్రవంలోకి వెళ్లడం ఆనాటికి ఒక విశేషం మాత్రమే. దానికి పారిశ్రామిక ప్రయోజనం కలగడానికి మరో నూరేళ్లు పట్టింది.

ఈ నూరేళ్ల నడుమ దాని సిద్ధాంత భూమిక ఏర్పడింది. 1872లో బెర్తెలో, యుంగ్‌ఫ్లైష్ అనే శాస్త్రవేత్తలు ఒక పదార్థం రెండు కలవని ద్రవాల మధ్య ఒక నిశ్చిత నిష్పత్తిలో పంచుకుంటుందని చూపారు. 1891లో వాల్తర్ నెర్న్‌స్ట్ దానికి ఉష్ణగతిక శాస్త్రపు పునాది కల్పించి వితరణ నియమంగా రూపొందించాడు. రెండు ద్రవాలను బాగా కలిపి, తేరుకోనిచ్చి, పొరలను విడదీస్తే, ఏ లోహం ఏ పొరలో ఎంత ఉంటుందో ముందుగానే అంచనా వేయవచ్చు. ఒకసారి కలిపితే చాలనంత విభజన జరగకపోతే అదే పనిని అంచెలంచెలుగా, రెండు ద్రవాలూ ఎదురెదురుగా ప్రవహించేటట్లు చేయవచ్చు. నేటి అతి సంక్లిష్టమైన కర్మాగారంలోనూ ఉన్న సూత్రం ఇదే.

1942లో అమెరికా అణ్వాయుధ పథకానికి అత్యంత శుద్ధమైన యురేనియం కావలసి వచ్చింది. సెయింట్ లూయిస్ నగరంలోని మాలిన్‌క్రాట్ రసాయన సంస్థ పెలిగో గమనించిన ఈథర్ గుణాన్నే వాడి యురేనియాన్ని శుద్ధిచేసింది. ఆ ఏడాది డిసెంబరు 2న షికాగోలో తొలి నియంత్రిత శృంఖల చర్యకు వాడిన యురేనియంలో ఇదీ ఉంది. ఈథర్ మాత్రం సులభంగా ఆవిరై అంటుకొనే ద్రవం. శుద్ధ యురేనియానికి దానిని వాడటమే సాహసం. ఇక తీవ్ర వికిరణం మధ్య, మనిషి దగ్గరకు పోలేని చోట దానిని వాడటం ఊహకందని పని.

3. హాన్‌ఫర్డ్: అవక్షేపం, తొలి వ్యర్థం

1940 డిసెంబరు, 1941 ఫిబ్రవరి నెలల మధ్య గ్లెన్ సీబోర్గ్ బృందం బర్క్‌లీలో ప్లుటోనియాన్ని కనుగొన్నది. 1942 ఆగస్టులో బర్రిస్ కన్నింగ్‌హామ్, లూయిస్ వెర్నర్ షికాగోలో దాని సమ్మేళనాన్ని కంటికి కనిపించే పరిమాణంలో తొలిసారి వేరుచేశారు. అది మైక్రోగ్రాములలో తూచదగినంత మాత్రమే. ఆ అనుభవాన్నే ఆధారం చేసుకొని రెండేళ్లలో ఒక మహా కర్మాగారాన్ని నడపవలసి వచ్చింది.

వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అనే చోటును 1943లో ఇందుకు సేకరించారు. హాన్‌ఫర్డ్, వైట్ బ్లఫ్స్ గ్రామాల వారిని ఖాళీ చేయించారు. తరతరాలుగా ఆ నదిలో చేపలు పట్టి జీవించిన ఆదివాసులకు ఆ తీరం అందకుండా పోయింది. అక్కడ స్టాన్లీ థామ్సన్ రూపొందించిన బిస్మత్ ఫాస్ఫేట్ పద్ధతిని ఎంచుకున్నారు. బిస్మత్ ఫాస్ఫేట్ అవక్షేపం నాలుగు ఆక్సీకరణ స్థితిలోని ప్లుటోనియాన్ని తనతో మోసుకుపోతుంది, ఆరు స్థితిలోని దానిని విడిచిపెడుతుంది. స్థితిని మార్చుతూ అవక్షేపాన్ని పలుమార్లు చేస్తే ప్లుటోనియం శుద్ధమవుతుంది. టన్ను యురేనియంలో ఉండే ప్లుటోనియం కొన్ని వందల గ్రాములే. 1944 డిసెంబరు చివర పని మొదలుపెట్టిన కర్మాగారం నుంచి 1945 ఫిబ్రవరిలో లాస్ అలమోస్‌కు తొలి ప్లుటోనియం చేరింది. ఆ ఏడాది ఆగస్టు 9న నాగసాకిపై పడిన బాంబులో ఉన్నది హాన్‌ఫర్డ్ ప్లుటోనియమే.

ఈ పద్ధతికి సంబంధించి మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఇందులో యురేనియాన్ని తిరిగి రాబట్టే ఏర్పాటే లేదు. ప్లుటోనియం తీసిన తరువాత మిగిలిన యురేనియమంతా, విచ్ఛిత్తి ఫలితాలతోపాటు, భూమిలో పాతిన ఉక్కు తొట్లలోకి పోయింది. అనగా 1945లో హాన్‌ఫర్డ్ పాలకుల దృష్టిలో యురేనియం కూడా వ్యర్థమే. పైగా ఆ పద్ధతి అంచెలంచెలుగా వాడిన రసాయనాల వల్ల వ్యర్థపు పరిమాణం విపరీతంగా పెరిగింది. ఆమ్లాన్ని తట్టుకొనే ఉక్కుకు బదులు సాధారణ ఉక్కు తొట్లు కట్టినందువల్ల వ్యర్థానికి క్షారం కలిపి నిల్వచేయవలసి వచ్చింది. అందువల్ల అడుగున మడ్డి పేరుకొని, తొట్లలోని సరుకు మరింత చిక్కుపడింది.

4. హెక్సోన్, బ్యూటెక్స్, టీబీపీ

యుద్ధానంతరం పరిస్థితి మారింది. అమెరికాకు యురేనియం కొరత ఏర్పడింది. వ్యర్థంలో పారేసినది తిరిగి కావలసి వచ్చింది. అవక్షేప పద్ధతి ఒక్కొక్క మోతాదుగా నడిచేది. నిరంతరం నడిచే పద్ధతి అవసరమైంది. ఈ రెండు అవసరాలను తీర్చగలిగినది ద్రావణి నిష్కర్షణే.

హాన్‌ఫర్డ్‌లో 1952లో ప్రారంభమైన రెడాక్స్ కర్మాగారంలో హెక్సోన్ అనే మిథైల్ ఐసోబ్యుటైల్ కీటోనును ద్రావణిగా వాడారు. యురేనియం, ప్లుటోనియం రెండూ హెక్సోన్‌లోకి వెళ్లాలంటే జల ప్రావస్థలో అల్యూమినియం నైట్రేటును పెద్ద మొత్తంలో కలపాలి. ఆ లవణమంతా చివరకు వ్యర్థంలోకే చేరుతుంది. హెక్సోన్ తేలికగా మండుతుంది, గాఢ నత్రికామ్లాన్ని తట్టుకోలేదు. అదే ఏడాది బ్రిటన్ విండ్‌స్కేల్‌లో డైబ్యుటైల్ కార్బిటాల్‌ను, అంటే బ్యూటెక్స్‌ను వాడింది. ఇది నత్రికామ్లాన్ని తట్టుకోగలదు కాబట్టి ఘన లవణం కలపనక్కరలేదు. ఆవిరిచేసి రాబట్టదగిన ఆమ్లంతోనే పని జరుగుతుంది. వ్యర్థాన్ని తగ్గించుకోవడం ఒక ప్రమాణంగా ఈ రంగంలోకి ప్రవేశించినది ఇక్కడేనని చెప్పవచ్చు.

ఈ పోటీలో నిలిచినది ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్. దీనినే క్లుప్తంగా టీబీపీ అంటారు. జేమ్స్ వార్ఫ్ సీరియం నైట్రేటు నిష్కర్షణపై 1949లో ప్రచురించిన పరిశోధన దీని శక్తిని లోకానికి తెలిపింది. హెర్బర్ట్ ఆండర్సన్, లార్నెడ్ ఆస్ప్రే ప్లుటోనియానికి దీనిని వాడే విధానంపై 1947లోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. రహస్య నిబంధనల కారణంగా అది 1960లో గాని వెలువడలేదు. ఈ పద్ధతికే ప్యూరెక్స్ అని పేరు.

ప్యూరెక్స్ పని తీరును స్థూలంగా ఇలా చెప్పవచ్చు. వాడిన ఇంధనాన్ని నత్రికామ్లంలో కరిగిస్తారు. కిరోసిన్ జాతికి చెందిన హైడ్రోకార్బనులో సుమారు 30 శాతం టీబీపీ కలిపి, ఆమ్ల ద్రావణానికి ఎదురుగా ప్రవహింపజేస్తారు. ఆరు స్థితిలోని యురేనియం, నాలుగు స్థితిలోని ప్లుటోనియం ఒక్కొక్కటి రెండేసి టీబీపీ అణువులతో జతకట్టి కర్బన ప్రావస్థలోకి వెళతాయి. విచ్ఛిత్తి ఫలితాలు దాదాపు అన్నీ ఆమ్లంలోనే నిలిచిపోతాయి. తరువాత ప్లుటోనియాన్ని క్షయకరణంతో మూడు స్థితికి దించితే అది టీబీపీని విడిచి నీటిలోకి వస్తుంది. చివరకు పలుచని ఆమ్లంతో యురేనియాన్ని కూడా రాబడతారు. ద్రావణిని సోడియం కార్బొనేటుతో కడిగి మళ్లీ వాడతారు. ఒక లోహాన్ని దాని ఆక్సీకరణ స్థితి మార్చి పిలిచినప్పుడు రావడం, పొమ్మన్నప్పుడు పోవడం ఈ పద్ధతి విజయ రహస్యం.

1954లో సవానా రివర్ కేంద్రంలోను, 1956లో హాన్‌ఫర్డ్‌లోను ప్యూరెక్స్ కర్మాగారాలు పనిలోకి వచ్చాయి. ఫ్రాన్సులో మార్కూల్, లా హేగ్, బ్రిటన్‌లో విండ్‌స్కేల్, జపానులో టోకాయ్ – అన్నిచోట్లా తరువాత స్థిరపడినది ఇదే. ఏడు దశాబ్దాలుగా దీనిని తోసిరాజన్న పద్ధతి మరొకటి రాలేదు.

టీబీపీ నిర్దోషి కాదు. వికిరణం దానిని డైబ్యుటైల్ ఫాస్ఫేటు మొదలైన వాటిగా విరగగొడుతుంది. అవి ప్లుటోనియాన్ని, జిర్కోనియాన్ని గట్టిగా పట్టుకొని విడువవు. వేడి నత్రికామ్లంతో కలిసినప్పుడు టీబీపీ ‘ఎర్ర నూనె’గా మారి పేలగలదు. సవానా రివర్‌లో 1953లోను, 1975లోను, రష్యాలోని టామ్స్క్-7లో 1993 ఏప్రిల్ 6న జరిగిన పేలుళ్లు ఈ కోవలోనివే.

5. తొట్లలోని యురేనియం: యూ ప్లాంట్, 1952–1958

అణు వ్యర్థం నుంచి లోహాన్ని ద్రావణితో రాబట్టిన తొలి పెద్ద ప్రయత్నం ప్యూరెక్స్ కర్మాగారం కంటే ముందే జరిగింది. హాన్‌ఫర్డ్‌లో యుద్ధకాలంలో కట్టి, విభజనకు వాడకుండా శిక్షణకు ఉపయోగించిన ‘యూ ప్లాంట్’ అనే భవనాన్ని 1952లో ఇందుకు సిద్ధంచేశారు. భూగర్భ తొట్లలో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని నీటి ధారలతో కదిలించి పైకి తోడారు. దానిని నత్రికామ్లంలో కరిగించి, టీబీపీతో యురేనియాన్ని రాబట్టారు. నిన్నటి వ్యర్థం నేడు గనిగా మారింది.

లోహం రాబట్టడంలో ఈ ప్రయత్నం సఫలమైంది. అయితే తొట్ల నుంచి తీసిన వ్యర్థం కంటే, ఆమ్లం, క్షారం, ఇతర రసాయనాలు చేరి తిరిగి తొట్లకు పోయిన వ్యర్థమే ఎక్కువైంది. తొట్లలో చోటు చాలలేదు. దానికి అధికారులు కనిపెట్టిన ఉపాయం ఫెర్రోసైనైడు. 1950ల నడుమ ఆ లవణాన్ని కలిపి సీజియాన్ని అడుగుకు దింపి, పైన తేరిన ద్రవాన్ని నేలలోకి ఇంకే గుంటలకు, కందకాలకు వదిలారు. చోటు దొరికింది. అయితే తొట్ల అడుగున ఫెర్రోసైనైడు, నైట్రేటు ఒకేచోట మిగిలాయి. ఎండి వేడెక్కితే ఆ మిశ్రమం పేలగలదన్న ఆందోళన 1990 ప్రాంతంలో తీవ్రమై, ఏళ్ల తరబడి పరిశోధనకు కారణమైంది. తొట్లలోని వేడికి, క్షారానికి, వికిరణానికి ఫెర్రోసైనైడు చాలావరకు విచ్ఛిన్నమైపోయిందని తేలిన తరువాతనే, 1990ల నడుమ, ఆ భయం తీరింది.

యూ ప్లాంట్ ఉదంతాన్ని ఒక కారణకార్య శృంఖలగా చదవాలి. యురేనియం కొరత వల్ల నిష్కర్షణ, నిష్కర్షణ వల్ల అదనపు వ్యర్థం, దానివల్ల చోటు కొరత, అందువల్ల ఫెర్రోసైనైడు, దాని ఫలితంగా నలభై ఏళ్ల తరువాతి భయం. ఇందులో ఏ ఒక్క నిర్ణయమూ ఆనాటి దృష్టితో చూస్తే మూర్ఖత్వం కాదు. ప్రతి ఒక్కటీ తన ముందున్న చిక్కును తీర్చినదే. మొత్తం శృంఖలను ఒకేసారి చూసి, దాని బాధ్యతను తీసుకొనే స్థానం ఎవరికీ లేకపోవడమే అసలు లోపం.

హాన్‌ఫర్డ్ ఇలాంటి ప్రయత్నాన్ని మరొకటి కూడా చేసింది. తొట్లలో వేడి పుట్టించే సీజియం, స్ట్రాన్షియంలను తొలగించడానికి 1960ల చివరి నుంచి పాత బీ ప్లాంట్‌ను వాడారు. స్ట్రాన్షియానికి ద్రావణి నిష్కర్షణ, సీజియానికి అయాన్ వినిమయం ఉపయోగించారు. ఇలా తీసిన లోహాలను 1,900కు పైగా లోహపు గుళికలలో బంధించి నీటి కొలనులో ఉంచారు. తొట్లు చల్లబడ్డాయి. తొట్లలోని ప్రమాదంలో ఒక భాగం కొలనులోకి మారింది. నేటికీ హాన్‌ఫర్డ్‌లో 177 భూగర్భ తొట్లలో సుమారు 5.6 కోట్ల గ్యాలన్ల వ్యర్థం ఉంది. 2017 మే 9న అక్కడి ప్యూరెక్స్ కర్మాగారపు సొరంగం పైకప్పు కొంత కూలింది. కలుషితమైన పాత యంత్ర సామగ్రిని నిల్వచేసినది ఆ సొరంగంలోనే.

6. జెనీవా నుంచి ట్రాంబేకు

1955 ఆగస్టులో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది. దానికి అధ్యక్షత వహించినది హోమీ భాభా. అంతవరకు సైనిక రహస్యంగా ఉన్న ద్రావణి నిష్కర్షణ వివరాలు చాలావరకు ఆ వేదికపై, ఆ తరువాతి ప్రచురణల ద్వారా బహిరంగమయ్యాయి. ఆయుధం కోసం పుట్టిన విద్య విద్యుత్తు కోసమనే పేరుతో దేశదేశాలకు చేరింది.

భాభా ప్రతిపాదించిన మూడంచెల అణు కార్యక్రమంలో ఈ విద్యకు కీలక స్థానముంది. సహజ యురేనియం రియాక్టర్లు మొదటి అంచె. వాటి ఇంధనం నుంచి తీసిన ప్లుటోనియంతో నడిచే వేగ ప్రజనన రియాక్టర్లు రెండవది. థోరియం నుంచి పుట్టే యురేనియం-233 మూడవది. ఒక అంచె నుంచి మరొక అంచెకు దాటించే వంతెన నిష్కర్షణే. యురేనియం నిల్వలు తక్కువగా, థోరియం నిల్వలు ఎక్కువగా ఉన్న దేశానికి వాడిన ఇంధనం వ్యర్థం కాదు, రేపటి ముడిసరుకు.

కెనడా సహకారంతో కట్టిన సైరస్ రియాక్టరు 1960 జూలైలో పనిచేయడం మొదలుపెట్టింది. దాని ఇంధనం కోసం ట్రాంబేలో హోమీ సేత్నా నాయకత్వాన ప్యూరెక్స్ పద్ధతిపై పునఃశుద్ధి కర్మాగారం నిర్మించారు. 1964లో అది పని ఆరంభించింది. 1965 జనవరి 22న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానిని జాతికి అంకితం చేశారు. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిపిన పేలుడులో వాడినది ఈ మార్గంలో వచ్చిన ప్లుటోనియమే. ఒకే స్తంభంలో, ఒకే ద్రావణిలో, ఒకే లోహం ఇంధనమూ కాగలదు, ఆయుధమూ కాగలదు. రసాయన శాస్త్రానికి ఆ రెండింటి భేదం తెలియదు.

పోఖ్రాన్ ప్రభావం ఇతర దేశాల విధానాల మీద కూడా పడింది. 1977 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తమ దేశంలో వాణిజ్య పునఃశుద్ధిని నిరవధికంగా వాయిదా వేశాడు. అణ్వాయుధాల వ్యాప్తి భయం అందుకు ప్రధాన కారణం. అదే వాడిన ఇంధనం నాటినుంచి అమెరికాలో పూడ్చవలసిన వ్యర్థమైంది, ఫ్రాన్సులోను, భారతదేశంలోను శుద్ధిచేయవలసిన వనరుగా నిలిచింది. పదార్థం ఒకటే, దానికి రెండు పేర్లు పెట్టినది విధానం.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ప్రత్యక్ష సంబంధముంది. 1970ల ఆరంభంలో హైదరాబాదులో నెలకొన్న అణు ఇంధన సముదాయంలో ముడి యురేనియం సాంద్రితాన్ని నత్రికామ్లంలో కరిగించి టీబీపీతోనే శుద్ధిచేస్తారు. జిర్కోనియాన్ని హాఫ్నియం నుంచి వేరుచేయడానికీ అక్కడ ద్రావణి నిష్కర్షణే ఆధారం. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో ఖనిజం క్షార ద్రావణంలో కరిగి, సోడియం డైయురేనేటుగా తేలుతుంది. అటువంటి సాంద్రితాలే శుద్ధి పొంది ఇంధన కట్టలుగా రియాక్టర్లకు వెళతాయి. రియాక్టరు నుంచి వచ్చిన తరువాత తారాపూర్‌లోనో, కల్పాక్కంలోనో మళ్లీ టీబీపీనే ఎదుర్కొంటాయి. తొలి శుద్ధిలో ద్రావణి సహజ మాలిన్యాలను తొలగిస్తుంది. మలి శుద్ధిలో మనం సృష్టించిన మాలిన్యాలను తొలగిస్తుంది. మొదటి పనిలో విడిచిన వాటికి, రెండవ పనిలో విడిచిన వాటికి ఉన్న అంతరం ప్రమాదంలోను, ఆయువులోను ఎన్నో రెట్లు.

7. మిగిలిన ద్రవంలోని లోహాలు

ప్యూరెక్స్ తరువాత మిగిలిన ఆమ్ల ద్రవంలో విచ్ఛిత్తి ఫలితాలు, అల్ప ఆక్టినైడ్లు ఉంటాయి. దీనిని బోరోసిలికేట్ గాజులో బంధించడం స్థిరపడిన ఆచారం. తొలి కొన్ని వందల ఏళ్లు సీజియం, స్ట్రాన్షియం వేడిని పుట్టిస్తాయి. వాటి తరువాత అమెరీషియం వంటివి వేల ఏళ్లు నిలుస్తాయి. వీటిని విడిగా తీయగలిగితే గాజు భారం తగ్గుతుందన్న ఆలోచనతో కొత్త నిష్కర్షకాల అన్వేషణ సాగింది.

అమెరీషియం జలద్రావణంలో ఎక్కువగా మూడు స్థితిలోనే ఉంటుంది. టీబీపీ దానిని పట్టలేదు. 1980లలో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో ఫిలిప్ హోర్విట్జ్ బృందం సీఎంపీఓ అనే భాస్వర సమ్మేళనంతో ట్రూఎక్స్ పద్ధతిని రూపొందించింది. ఫ్రాన్సులో 1991 డిసెంబరు 30 నాటి చట్టం దీర్ఘాయు వ్యర్థాలపై పదిహేనేళ్ల పరిశోధనను ఆదేశించింది. అక్కడ మాలోనమైడులతో డయామెక్స్ పద్ధతి ఎదిగింది. మాలోనమైడులలో కర్బనం, ఉదజని, ఆమ్లజని, నత్రజని తప్ప వేరే మూలకాలు లేవు. వాడిన తరువాత కాల్చితే వాయువులుగా మారతాయే గాని, టీబీపీ వలె ఫాస్ఫేటు శేషాన్ని మిగల్చవు. జపాను పరిశోధకులు 2000ల ఆరంభంలో వెలువరించిన డైగ్లైకొలమైడులూ ఈ కోవలోనివే. నిష్కర్షకం లోహాన్ని ఎంత బాగా పట్టుకుంటుందన్న ప్రశ్నతోపాటు, అది తన వెనుక ఏమి మిగులుస్తుందన్న ప్రశ్న అణువు నిర్మాణంలోకే ప్రవేశించింది. యూ ప్లాంట్ నేర్పిన పాఠం రసాయన సూత్రంగా రూపుదాల్చడానికి నాలుగు దశాబ్దాలు పట్టిందన్నమాట.

ఈ పద్ధతులలో అమెరీషియంతోపాటు లాంథనైడ్లు కూడా వెంటవస్తాయి. రెండింటి అయాన్ పరిమాణం, విద్యుదావేశం దాదాపు ఒకటే. లాంథనైడ్లు న్యూట్రాన్లను మింగివేస్తాయి కాబట్టి అమెరీషియాన్ని రియాక్టరులో దహించాలంటే ముందు వాటిని తొలగించాలి. నత్రజని పరమాణువులున్న నిష్కర్షకాలు ఆక్టినైడ్లతో కొద్దిగా ఎక్కువ సంయోజనీయతతో బంధం ఏర్పరుస్తాయన్న సూక్ష్మ భేదమే ఇక్కడ ఆధారం. 1990ల చివర జర్మనీలో జ్దెనెక్ కొలారిక్ ప్రకటించిన ట్రైఅజినైల్ పిరిడీను సమ్మేళనాలు ఈ దిశలో మలుపు.

సీజియం చరిత్ర వేరు. 1970లలో చెకొస్లొవేకియా రసాయన శాస్త్రవేత్తలు కోబాల్ట్ డైకార్బొల్లైడు దానిని గాఢ ఆమ్లం నుంచి తీయగలదని చూపారు. 1996లో రష్యాలోని మాయక్‌లో ఆ నిష్కర్షకం పారిశ్రామిక స్థాయిలో పనిలోకి వచ్చింది. 1957 సెప్టెంబరు 29న వ్యర్థపు తొట్టి పేలి యూరల్ ప్రాంతాన్ని కలుషితం చేసినది ఆ మాయక్‌లోనే. సవానా రివర్‌లో కాలిక్సరీను జాతి అణువులతో తొట్లలోని సీజియాన్ని తీసే పని 2008 నుంచి నడుస్తోంది. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం కాలిక్స్-క్రౌన్ నిష్కర్షకంతో సీజియాన్ని వేరుచేసి, గాజు కడ్డీలుగా మార్చి, రక్తాన్ని వికిరణంతో శుద్ధిచేసే పరికరాలకు అందించింది. డైగ్లైకొలమైడు ఆధారిత ఆక్టినైడ్ విభజనను తారాపూర్‌లో ప్రదర్శన స్థాయిలో నిర్వహించింది. గాజులో పూడ్చవలసిన సీజియం ఆసుపత్రికి చేరడం, వ్యర్థం అనే మాట మరొకసారి అర్థం మార్చుకోవడమే.

8. చర్చ

పై చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి.

మొదటిది, వ్యర్థం ఒక చారిత్రక పదం. బిస్మత్ ఫాస్ఫేట్ కాలంలో యురేనియం వ్యర్థం. ప్యూరెక్స్ కాలంలో సీజియం, అమెరీషియం వ్యర్థాలు. విభజన కాలంలో అవీ ఉత్పత్తులే. అయితే ఇది ఒకే దిశలో సాగే పురోగతి అనుకోవడం పొరపాటు. అమెరికా విధానంలో 1977 తరువాత వాడిన ఇంధనం మొత్తం వనరు నుంచి వ్యర్థంగా వెనుకకు మారింది.

రెండవది, నిష్కర్షణ లోహాన్ని నశింపజేయదు, దాని చోటును, రూపాన్ని మారుస్తుంది. ఈ మార్పు తరచుగా మేలు చేస్తుంది. తొట్టిలోని మడ్డి కంటే గాజులో బంధించిన లోహం సురక్షితమన్నది నిర్వివాదం. కాని అమెరీషియాన్ని తీసినంతమాత్రాన సమస్య తీరదు. తీసిన దానిని రియాక్టరులో నిజంగా దహించినప్పుడే వ్యర్థపు విషతీవ్రత లక్షల ఏళ్లకు బదులు కొన్ని వందల ఏళ్లకు తగ్గుతుందన్న వాదానికి బలం. పైగా పూడ్చిన చోటు నుంచి నీటితో కదిలే గుణం ఆక్టినైడ్ల కంటే అయొడిన్-129, టెక్నీషియం-99 వంటి వాటికి ఎక్కువ. మొదటిదాని అర్ధాయువు సుమారు 1.57 కోట్ల ఏళ్లు, రెండవదానిది సుమారు 2.1 లక్షల ఏళ్లు. అందువల్ల భూగర్భ నిక్షేపం అవసరాన్ని ఏ నిష్కర్షకమూ పూర్తిగా తొలగించలేదు.

మూడవది, నిర్ణయించిన వారు, దాని భారాన్ని మోసేవారు ఒకరు కారు. హాన్‌ఫర్డ్‌లో 1945లో తొట్లకు పంపిన ద్రవాన్ని శుద్ధిచేస్తున్నది ఆనాటికి పుట్టనివారు. విద్యుత్తును ఒక తరం వాడుకుంటుంది, గాజును కాపలా కాయవలసినది తరువాతి తరాలు. ఈ అసమానతను రసాయన శాస్త్రం తగ్గించగలదు, రద్దుచేయలేదు. కాబట్టి ఏ లోహాన్ని తీయాలి, ఎంతవరకు తీయాలి అనేవి శాస్త్రజ్ఞులు తమలో తాము తేల్చుకొనే సాంకేతిక ప్రశ్నలు మాత్రమే కావు.

9. ముగింపు

పెలిగో ఈథర్ సీసా నుంచి తారాపూర్ స్తంభాల వరకు ద్రావణి నిష్కర్షణ సూత్రం మారలేదు. రెండు ద్రవాలను కలపడం, తేరుకోనివ్వడం, విడదీయడం – అంతే. మారినది మనం దానిని అడిగే ప్రశ్న. 1944లో ‘బాంబుకు కావలసినది ఎంత వస్తుంది?’ అని అడిగారు. 1956లో ‘ఎంత చౌకగా, ఎంత నిరంతరంగా వస్తుంది?’ అని అడిగారు. 1990ల తరువాత ‘తీసిన తరువాత ఏమి మిగులుతుంది?’ అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. మూడవ ప్రశ్న మొదటే అడిగి ఉంటే హాన్‌ఫర్డ్ తొట్ల చరిత్ర వేరుగా ఉండేది. పునఃశుద్ధిని విస్తరిస్తున్న మన దేశానికి ఆ ప్రశ్నను సమయానికి అడిగే అవకాశం ఇంకా ఉంది. హంస పాలను తాగి ఎగిరిపోవచ్చు. నీటి సంగతి చూడవలసినవారు మాత్రం కొలను ఒడ్డున ఉండేవారే.